మావి పడకముందు

జున్ను అంటే మా ఇంట్లో అందరూ గిన్నె పట్టుకుని వస్తారు. నేనొక్కదాన్నే లేచి బయటికి పోతాను. చూసినవాళ్లు నాకేదో మొక్కు ఉందనుకుంటారు. అనుకోనీ అని ఊరుకుంటాను. తింటూ కూర్చున్నవాళ్లకు ఈ సంగతి చెప్పి వాళ్ల నోరు చేదు చేయడం ఎందుకు?

ఎనభైల చివరి మాట. నేను పాలమూరులో బడిపంతులు కూతురిని. పాలు అంటే పొద్దున్నే గుమ్మంలో చెంబుతో పోయించుకునేవి, అంతవరకే తెలుసు. అట్లాంటిదాన్ని రామన్నపేట దగ్గర ఒక పల్లెలో పన్నెండు బర్రెలున్న ఇంటికి కోడలిగా వచ్చాను. రెండో ఏడు నాకు పాప పుట్టింది. పదకొండు రోజులు బతికింది. విరేచనాలు పట్టుకుని, పారుకుని పారుకుని ఒళ్లంతా ఎండిపోయి, నా చేతుల్లోనే పోయింది. దిష్టి తగిలిందన్నారు. నేనూ అదే నమ్మాను. పేరు పెట్టే రోజు ఇంకా రానేలేదు.

"చేతిల పనుంటే మనసు మళ్లుతది బిడ్డా" అని అత్తమ్మ ఆ వానకాలం కొట్టం నాకు అప్పగించింది. శ్రావణం నుంచి కార్తీకం దాకా మా దగ్గర బర్రెలు వరుసపెట్టి ఈనుతాయి. కోడి కూసే వేళకు లేచి తౌడు, పల్లిచెక్క కలిపి పెట్టాలి. మా ఆయన పాలక్యాన్లు సైకిలుకు కట్టుకుని పాలకేంద్రానికి పోయేలోపు పాలు పిండాలి. చొప్ప నరికి వేయాలి, తొట్లు కడగాలి, నిండు చూడి బర్రెల దగ్గరికి గంటకోసారి పోయి తోక మొదట్లో చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ రెండు పక్కలా గుంటలు పడితే ఇక ఈ పూటో రేపో ఈనుతుందన్నమాట. మొదటిసారి ఒక బర్రె నా కళ్లముందు ఈనినప్పుడు, తెల్లటి పొరలో ముందుగా రెండు గిట్టలు, వాటిమీద ఆనించిన చిన్న ముట్టె బయటికి రావడం కళ్లార్పకుండా చూశాను. అత్తమ్మ మాత్రం "ఏందే గట్ల చూస్తవు, నువ్వు గనలేదా?" అన్నది. తర్వాత తనే నాలుక కరుచుకున్నది.

ఈనినప్పుడు ఏం చేయాలో అత్తమ్మ నాకు గట్టిగా నేర్పింది. దుడ్డె, అంటే బర్రె పిల్ల, పడగానే ఒళ్లు తుడిచి, మూతికి చిక్కం కట్టి, తల్లికి దూరంగా కట్టేయాలి. దుడ్డె తర్వాత పడాల్సిన మావి పడేదాకా దాన్ని పొదుగు దగ్గరికి రానీయకూడదు. ముందే తాగితే మావి లోపలే నిలిచిపోతుందట. మావి పడ్డాక మొదటి పాలు మొత్తం జున్నుకు పిండుకోవాలి. ఆ చిక్కటి పాలు దుడ్డె కడుపుకు పడవు, పారుకుంటుంది. మర్నాటి నుంచి కొంచెం కొంచెం తాపాలి. జున్ను వండి ముందుగా ఏడిళ్లకు పంచాలి, ఆ తర్వాతే మనం తినాలి. అత్తమ్మ చేతి జున్నుకు ఊళ్లో పెద్ద పేరు. బెల్లం, యాలకులు, రెండు మిరియాల గింజలు దంచి వేసేది. ఆ పద్ధతిలో పెరిగిన దుడ్డెలే కదా కొట్టం నిండా ఉన్నాయి! ఇంకేం అడగాలి నేను?

కొట్టం ఊడ్చి పెండ తీసే పెద్దమ్మ ఒకామె ఉండేది. ఊరి చివరి వాడ నుంచి వచ్చేది. ఆదివారం మాత్రం పొద్దున్నే పని ముగించి ప్రార్థనకు పోయేది. పదిహేనేళ్లుగా మా కొట్టంలో పనిచేస్తున్నా మా గడప దాటి లోపలికి రాలేదు, ఎవరూ రమ్మననూ లేదు. మాట తక్కువ మనిషి. నాకా, ముక్కుమీదే కోపం.

ఆ కాలంలో మొదటి రెండు బర్రెలు ఈనాయి, రెండు దుడ్డెలూ గంతులేశాయి. నా పెత్తనం మీద నాకే మురిపెం వచ్చింది. మూడోది మిట్టమధ్యాహ్నం ఈనింది. చిక్కం కట్టి, బర్రెకు బెల్లం నీళ్లు తెద్దామని ఇంట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి చిక్కం కింద పడి ఉంది. పెద్దమ్మ మోకాళ్లమీద కూర్చుని దుడ్డె గదుమ కింద చెయ్యి పెట్టి పొదుగుకు ఆనించి పట్టుకుంది. అది జుర్రుజుర్రున తాగుతోంది. మావి ఇంకా వేలాడుతూనే ఉంది.

నా చేతిలో చెంబు జారిపోయింది. "ఏం చేస్తున్నవ్? బర్రెను సంపుదామనుకున్నవా?" అని అరిచాను.

"రెండు గుక్కలే తాగిందమ్మా. దాని పాలే గదా" అన్నది పెద్దమ్మ, దుడ్డెను వదలకుండానే.

ఆ నిదానం చూసి నాకు ఇంకా మండింది. దొంగ అన్నాను. కళ్లుగప్పి పనిచేసే మనిషివన్నాను. రేపటి నుంచి రావద్దన్నాను. ఆమె దుడ్డెను మెల్లగా నిలబెట్టి, పెండ గంపను గోడకు బోర్లించి, చేతులు కడుక్కుని పోయింది. మావి గంటలోపే పడిపోయింది. అది కూడా నాకు ఆలోచన తేలేదు చూడండి.

తర్వాతి నాలుగు ఈతలు పూర్తిగా నా చేతిమీదే జరిగాయి. అన్నీ అత్తమ్మ చెప్పినట్టు అక్షరం పొల్లు పోకుండా చేశాను. మొదటి దుడ్డె నాలుగో రోజు పారుకోవడం మొదలుపెట్టి ఆరో రోజుకు పోయింది. ఆ లోతుకు పోయిన కళ్లు, అంటుకుపోయిన డొక్క నేను ఇంతకుముందు ఎక్కడ చూశానో నాకు తెలుసు. రెండోదీ అట్లాగే పోయింది. కొట్టం వాకిలికి పాత చెప్పు కట్టాం, మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశాం. "గామె ఉసురు తాకింది" అన్నది అత్తమ్మ. నేను పెద్దమ్మను నోరారా తిట్టుకున్నాను. మూడోదీ పోయింది.

నాలుగోది మా కొట్టంలోకెల్లా ఎక్కువ పాలిచ్చే బర్రెకు పుట్టిన పెయ్య. అదీ మూడో రోజు తోక తడుపుకుని పడుకుంది. ఇక నావల్ల కాక మా ఆయన్ను రామన్నపేట పంపి పశువుల డాక్టరును పిలిపించాను. వచ్చినాయన ఎండన పడి వచ్చాడని పళ్లెంలో జున్ను ముక్కలు పెట్టి ఇచ్చాను. ఆ దుడ్డె తల్లి పాలతో వండిందే.

ఆయన దుడ్డె కంటి రెప్ప తిప్పి చూసి, "మొదటి పాలు ఎప్పుడు తాపిండ్రమ్మా?" అని అడిగాడు.

పాఠం అప్పజెప్పినట్టు అంతా చెప్పాను. చిక్కం, మావి, ఏడిళ్లు. ఏదీ తప్పలేదని కూడా అన్నాను. ఆయన నోటిదాకా తీసుకుపోయిన ముక్కను మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు.

"గిదేనమ్మా దాని మందు. పుట్టిన గంటలోపల గీ పాలు తాగితెనే దానికి రోగాన్ని ఆపుకునే తాకతు వస్తది. తాగితె మావి గూడ తొందరగ పడ్తది. మీరు దాని మందును వండుకొని తింటున్నరు."

చచ్చిన మూడు దుడ్డెల పేర ఇరవయ్యొక్క ఇళ్లకు జున్ను పంచిన చేతులు ఇవి. నేనూ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. బ్రహ్మాండంగా ఉందన్నాను. డాక్టరు సూది వేసి, సీసా ఎక్కించి, ఇక దాని అదృష్టం అని పోయాడు. మర్నాడు పొద్దున అది కూడా పోయింది.

ఆ తర్వాతే పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె తాపిన దుడ్డె కొట్టంలో తాడు తెంపుకుంటూ గెంతుతోంది. నెత్తిమీద కొంగు కప్పుకుని ఆమె ఇంటికి పోయాను.

పెద్దమ్మ వాకిట్లో కూర్చుని పెసరకాయ ఒలుస్తోంది. పీట జరిపింది. నేను కూర్చోలేదు. "ఎన్ని దుడ్డెలకు తాపినవ్ పెద్దమ్మా?" అని అడిగాను.

"అన్నిటికి" అన్నది. "మీ అత్తమ్మ జున్నుగిన్నె కడుగ లోపలికి పోతదిగద, గంతలోపల రెండు గుక్కలు."

పదిహేనేళ్లు! అత్తమ్మ పద్ధతిలో పెరిగాయని నేను మురిసిపోయిన కొట్టమంతా ఈమె దొంగచాటుగా బతికించింది. సిగ్గుతో నాకు కోపమే వచ్చింది, వేరే ఏదీ చూపించడం నాకు చేతకాదు కాబట్టి. "మరి నోరు తెరిచి చెప్పొద్దా? నేనన్న ఇనేదాన్ని గద!" అన్నాను.

పెద్దమ్మ చేతిలో కాయ ఒలవడం ఆపి నా ముఖం చూసింది.

"మీ అత్తమ్మకు రెండుమార్లు చెప్పిన, తిట్టింది. నీకు గూడ చెప్పిన గదమ్మా. నీ బిడ్డ పుట్టిననాడు గడప అవతల నిలవడి చెప్పిన."

నాకు గుర్తులేదనే చెప్పబోయాను. కానీ గుర్తుంది. నేను మంచంమీద ఉన్నాను. అత్తమ్మ నా మొదటి పాలు గుడ్డలోకి పిండి పారబోస్తోంది, మూడు రోజులు చక్కెర నీళ్లే పట్టాలని చెబుతోంది. పాప దూదివత్తి చీకుతోంది. బయటినుంచి ఎవరిదో గొంతు, "ఒక్క చుక్కన్న పిల్ల నోట్లె పడనీయుండ్రి తల్లీ" అన్నది. దానికి జవాబిచ్చింది అత్తమ్మ కాదు, నేను. "ఎవరామె? పొమ్మను" అన్నాను.

పాప పోయింది అందుకేనా అని తర్వాత ఏ డాక్టరునూ అడగలేదు. అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

పెద్దమ్మ మర్నాడు పనిలోకి వచ్చింది. నేను రమ్మని నోటితో అననేలేదు, ఆమే వచ్చి బోర్లించిన గంపను తిరగేసుకుంది. నాలుగు రోజులకు ఇంకో బర్రె ఈనింది. నేను చిక్కం ముట్టుకోలేదు. అత్తమ్మ కడిగిన గిన్నెతో వచ్చి కొట్టం వాకిట్లో నిలబడింది. "లోపల పెట్టిరా అత్తమ్మా, ఇయాల జున్ను లేదు" అన్నాను. ఆమె నా ముఖం చూసి గిన్నె పట్టుకుని వెనక్కి పోయింది.

దుడ్డెను నేనే పొదుగు దగ్గరికి తెచ్చాను. తల వాల్చేస్తోంది, నాకు పట్టుకోవడం చేతకాలేదు. పెద్దమ్మ నా పక్కన కూర్చుని, నా చేతిని పట్టుకుని దాని గదుమ కిందికి జరిపింది.

"చెయ్యి గిట్ల పెట్టాలెనమ్మా. ఇప్పుడే పుట్టినయి, మెడ నిలవదు" అన్నది.

దుడ్డె గురించే చెప్పింది. నేను చెయ్యి తీయకుండా అట్లాగే కూర్చుని, అది కడుపునిండా తాగేదాకా ఏడ్చాను.