స్కేట్‌బోర్డుకు వాహనపూజ

మలేషియాలోని ఇపోలో మా వీధివాళ్ళు నా గురించి ఏం చెప్పినా మీరు నమ్మకండి. ఇప్పుడు చెప్పబోయే ఘోరప్రమాదంలో నేను ముప్పై అడుగులు గాల్లో ఎగిరిన మాట మాత్రం నిజం. సరే, పదడుగులు. మా ఆవిడ పక్కన కూర్చుని మూడు వేళ్ళు చూపిస్తోంది. మూడే అనుకోండి. ఆ మూడడుగుల ప్రయాణంలోనే నాకు తెలిసిన దేవుళ్ళందరూ వరసగా కనిపించారు.

అప్పటికి నేను కుర్రవాణ్ణి. అరవై ఏడేళ్ళు.

మా మనవరాలు దివ్యకు పదకొండు. ఏడాది పాటు బతిమాలి పుట్టినరోజుకి స్కేట్‌బోర్డు కొనిపించుకుంది. రెండో వారానికే మోకాలు చెక్కుకుపోయి వచ్చింది. దాని తల్లి, అంటే మా అమ్మాయి సరోజ, ఆ మోకాలు చూసి తీర్పు చెప్పేసింది.

"ఆదివారం దీన్ని ఎవరికైనా ఇచ్చీస్తాను. ఇంక మనింట్లో ఈ ఆట లేదు."

పిల్ల బోర్డుని ఒళ్ళో పెట్టుకుని, జబ్బుచేసిన పిల్లికూనని నిమిరినట్టు నిమురుతూ కూర్చుంది. చూడలేకపోయాను. చూడలేనివాడు కళ్ళు మూసుకోవాలి గాని నోరు తెరవకూడదు. నేను తెరిచాను.

"సరోజా, ఆదివారం లోపల నేను నేర్సుకుని, గుమ్మం కాడ్నించి గేటు దాకా దీని మీద పోయి సూపిస్తాను. ముసిలోడు పడకపోతే పిల్ల పడతాదేటి? అప్పుడు బోర్డు ఉంచుతావా?"

"నువ్వా?" సరోజ పొట్ట పట్టుకుని నవ్వింది. "సరే నాన్నా. పడ్డావో, బోర్డు పోతాది."

అలా పిల్ల ఆస్తంతా నా మోకాళ్ళ మీద పడింది.

దివ్యే నా గురువు. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడ్డం తక్కువ. తిట్టేటప్పుడు మాత్రం, చివర ఇక్కడివాళ్ళ 'లా' తోకతో సహా, ధారాళంగా వస్తుంది.

"తాతా, మోకాలు వంచు! కిందికి సూడకు లా!"

"సూడకపోతే నేల ఎక్కడున్నాదో నాకెలాగ తెలుస్తాది?"

"నేల ఎక్కడికీ పోదు తాతా!"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నిలబడలేక నేను సిమెంటు వంకరన్నాను. మూడు రోజులు బోర్డు గడ్డి మీదే ఉంది, నేను బట్టలారేసే తీగకి వేలాడుతూ ఉన్నాను. ఐదోరోజు ఆరడుగులు దూసుకుపోయాను. వెనకనుంచి దివ్య తోసిందనుకోండి. శనివారానికి మాత్రం ఎవరూ పట్టుకోకుండా గేటు దాకా రెండుసార్లు వెళ్ళాను. ఇది అబద్ధం కాదు. మా ఆవిడ కూడా తలూపుతోంది.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. నేను ముప్పై ఏళ్ళు పక్క ఊరు సుంగై సిపుట్‌లో మోటారుసైకిళ్ళ షాపు నడిపినవాణ్ణి. ఏ కొత్త బండైనా పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకుండా నా గుమ్మం దాటలేదు. నా మనవరాలి బండికి పూజ లేకపోవడమా? ఆదివారం పొద్దున్నే బోర్డుకి పసుపు, కుంకుమ, మల్లెదండ. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు.

దివ్య కంగారుపడింది. "తాతా, చిన్న రాయొచ్చినా బోర్డు ఆగిపోతాది. ఇది లెమన్!"

"ఓసి పిచ్చిదానా, ఎన్ని వందల బళ్ళకి పెట్టినానో! చక్రం తొక్కుతాది, కాయ నలుగుతాది, దిష్టి పోతాది."

"అయితే హెల్మెట్ ఏసుకో."

"బొట్టు సెరిగిపోతాదే!"

"ఏసుకో తాతా!"

తనే నా నెత్తిన పెట్టి, గడ్డం కింద బిగించి, మోచేతులకీ మోకాళ్ళకీ దిళ్ళలాంటి పట్టీలు కట్టింది. అచ్చం దిష్టిబొమ్మలా తయారయ్యాను. సరోజ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. నేను హారతిచ్చి, బోర్డెక్కి, కుడికాలితో నేలని ఒక్క తన్ను తన్నాను.

మోటారుసైకిలు చక్రం ముందు నిమ్మకాయ చీమ. స్కేట్‌బోర్డు చక్రం ముందు అదే కొండ. బోర్డు ఆగిపోయింది. నేను ఆగలేదు. తల డ్రైను గట్టుకి రాసుకుని, మిగతా నేను మొగలిలాంటి పాండన్ పొదలో బోర్లా దిగాను.

"ఓలమ్మో! మనిషి పోనాడు!" అని మా ఆవిడ. కదిలింది దివ్య ఒక్కతే.

"లేవకు తాతా. మెడ నొప్పా? వేళ్ళు కదుపు. ఇవెన్ని?" అని రెండు వేళ్ళు చూపించింది.

"నాలుగు," అన్నాను, కాస్త భయపెడదామని.

"తాతా!"

"రెండేలే."

అప్పుడు గాని హెల్మెట్ విప్పలేదు. దానిమీద జానెడు గీత. నా నుదుటిమీద బొట్టు మాత్రం కొంచెం చెదిరింది.

సరోజ ఆ గీత మీద ఈ చివర నుంచి ఆ చివరకి వేలు నడిపింది. పందెం ఓడిపోయాం కదా, పిల్ల మొహం పాలిపోయింది.

"తప్పు బోర్డుది కాదమ్మా, నాదే," అన్నాను.

"నువ్వు మాటాడకు నాన్నా. దీనికేటి తెలుసు, పసిపిల్ల, అనుకున్నాను. ఈ ఇంట్లో ఆ బోర్డెక్కే బుద్ధున్నది దీనికొక్కదానికే. బోర్డు దీని కాడే ఉంటాది. నువ్వెక్కాలంటే దీన్నడిగి ఎక్కు!"

మనవరాల్ని గెలిపించడానికే కావాలని పడ్డానని వీధంతా చెప్పుకున్నాను. ఒప్పుకుంటున్నాను, కాదు. స్వచ్ఛమైన మూర్ఖత్వంతో పడ్డాను. ఆ పొద్దున నా మాట విననందుకు ఆ పిల్లకి రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. విని ఉంటే ఇది రాయడానికి నాకు చేతులున్నా తల ఉండేది కాదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఎక్కనిస్తుంది. ఎక్కేముందు మాత్రం నా జేబులు తడిమి చూస్తుంది.

కనుక సకల బంధుమిత్రుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: కంఠంలో ప్రాణముండగా, నిమ్మకాయంత చక్రాలున్న ఏ బండికీ ఇక వాహనపూజ చెయ్యను.