కొలిచాక తీసిన పిడికెడు

మా తోడికోడలు పోయిందన్న కబురు వచ్చేసరికి నేను బియ్యం కొలుస్తున్నాను. ఆమె వాటా కూడా కలిపే కొలిచాను. తెలుక్ ఇంతాన్ పట్నం ఆసుపత్రి నుంచి ఆ రోజు ఇంటికి పంపేస్తారని, మధ్యాహ్నం అన్నానికి మాతోపాటే కూర్చుంటుందని అనుకున్నాం. ఫోనులో ఎస్తేరు గొంతు వినబడింది. "పెద్దమ్మా, అమ్మ ఎల్లిపోయింది." ఎస్తేరు ఆమె కన్న పిల్ల. నేను పెంచిన పిల్ల. ఈ రెండు మాటలూ పక్కపక్కనే పడాలి.

ఫోను పక్కన పెట్టి, ఆమె వాటా బియ్యం మొత్తం తీసి సంఘం డబ్బాలో పోసేశాను. అప్పుడే ఏడ్చాను, తర్వాత మీ ముందు ఏడవలేదు.

మన సంఘంలో అందరూ ఆమె గురించి రాస్తున్నారు. బ్రెజిల్ దేశంలో ప్రభువు సేవ చేసిందని, అందుకోసం కన్నకూతుర్నే త్యాగం చేసిందని. నాకు అక్షరం రాదు. కానీ ఆమెతో ఒకే పొయ్యి దగ్గర బతికినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను, కాబట్టి నా మాట కూడా ఉండాలి. నేను చెబుతుంటే ఎస్తేరు రాస్తోంది. ఎక్కడా అందంగా మార్చొద్దని ముందే గట్టిగా చెప్పాను. ముందుగా రాయమన్న మాట ఇది: ఆమె మీద నాకు అసూయ. ఒకప్పుడు ఉండేదని కాదు, ఇప్పటికీ ఉంది. మట్టి కప్పినంత మాత్రాన అది చల్లారలేదు.

మన తాతలు తెలుగు నేల నుంచి ఓడెక్కి వచ్చిన ఈ బాగన్ దాతుక్‌లో, కొబ్బరి తోట లైను ఇళ్లలో, మేమిద్దరం అన్నదమ్ములిద్దరి భార్యలం. నా భర్త కొబ్బరి కురిడీల కొట్టంలో పని. మరిది తోట చర్చిలో వాక్యం చెప్పేవాడు. నాకు పిల్లలు లేరు, అది మీ అందరికీ తెలిసిందే. మా అత్త ఇంట్లో ఒక నియమం ఉండేది. పూటపూటకీ బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయాలి. ఆదివారం ఆ డబ్బా చర్చికి పోతుంది, అక్కడి నుంచి దేవుని పనికి పోతుంది. బస్తాలోంచి తీసి వేస్తే అత్త ఒప్పుకునేది కాదు. "బస్తాలోది తీస్తే నీకేటి తగ్గిందే? కొలిసినాక తియ్యి. నీ కంచంలో తగ్గాల," అనేది.

మా తోడికోడలి చెయ్యి చేటంత ఉండేది. పెళ్లయి వచ్చిన మర్నాడే ఆమె పిడికెడు తీస్తే అత్త పొంగిపోయింది. "ఓలమ్మ, ఏటా సెయ్యి! దీని పిడికెడుతో ఒక పాస్టరుకి పూట గడిసిపోద్ది!" నా వైపు తిరిగి, "నీది పిచ్చిక పిడికిలి లేవే," అని నవ్వింది. అత్త చూడని సంగతి ఒకటుంది. ఆ పెద్ద పిడికిలి ఎప్పుడూ సరిగా మూసుకునేది కాదు. కొలతగిన్నె నుంచి డబ్బా దాకా నేలంతా గింజలే. అవి ఏరిందాన్ని నేను. ఆమె అంత తీశాక అన్నం ఎవరికి తగ్గింది? ఆఖర్న కూర్చునే పెద్ద కోడలికి. పేరు ఆమె పిడికిలికి, ఖాళీ కంచం నాకు. మా ఇద్దరి బతుకూ చివరి దాకా అలాగే సాగింది.

తర్వాత ఒక దొరగారు మా తోట చర్చికి వచ్చాడు. బ్రెజిల్‌లో పెద్ద నది ఉందని, దాని ఒడ్డు పొడవునా పడవల మీద తప్ప చేరలేని ఊళ్లున్నాయని, ఎండకీ దోమలకీ బురదకీ అలవాటుపడిన సేవకులు కావాలని చెప్పాడు. మరిది లేచి నిలబడ్డాడు. ఆయన లేచాడని ఆమె కూడా లేచింది. ఎస్తేరు అప్పుడు నడుస్తూ నడుస్తూ పడిపోయే పిల్ల, పైగా ఉబ్బసం. అక్కడ డాక్టరు లేడు, మీరు ముందు వెళ్లి కుదురుకోండి, పిల్లను తర్వాత తీసుకెళ్లవచ్చు అన్నారు. విమానాశ్రయంలో నా భుజం మీద పిల్లని పడుకోబెట్టి ఆమె అంది కదా, "అక్కా, దానికి సన్నీళ్లు పొయ్యకు." నాకు చెబుతోంది! ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి నీళ్లు పోసింది నేనే.

వాళ్లు కుదురుకున్నది లేదు. ఒక ఊరు తర్వాత ఒక ఊరు, ఒక చర్చి తర్వాత ఒక చర్చి. అక్కడే మరిది జ్వరంతో పోయాడు. అయినా ఆమె రాలేదు. ఇక్కడ ప్రతి ఆదివారం చర్చిలో అయ్యగారు ఆమె కోసం ప్రార్థన చేసేవారు, "తన బిడ్డను ప్రభువు పనికి అర్పించిన సహోదరి" అని. నేను వెనక చాప మీద ఆ బిడ్డ వీపు నిమురుతూ కూర్చునేదాన్ని. ఉబ్బసం ఎక్కువైతే పిల్ల పడుకోలేదు, కూర్చోబెట్టి పట్టుకోవాలి. అర్పించిన బిడ్డ ఎవరి ఒళ్లో ఉందో అయ్యగారికి కనబడలేదా అని ఉండేది.

ఆమె ఉత్తరాలు తెలుగులో వచ్చేవి. నేను చదవలేను. పిల్లతో ఏమైనా చెప్పొచ్చు, మీ అమ్మ నిన్ను మరిచిపోయిందనైనా చెప్పొచ్చు. అలా చెప్పలేదు. చర్చిలో తెలుగు వచ్చిన ముసలి టీచరమ్మ ఉంటే, పిల్లని సైకిలు మీద కూర్చోబెట్టుకుని వారం వారం తీసుకెళ్లి అక్షరాలు నేర్పించాను. ఈ రాస్తున్న అక్షరాలు అవే. నన్ను అమ్మా అని పిలిపించుకోవడం కూడా చిటికెలో పని. పెద్దమ్మా అనే పిలిపించుకున్నాను. ఆమె సొమ్ము ఒక్కటి కూడా నేను ముట్టుకోలేదు. త్యాగం లెక్కకొస్తే ఇదీ రావాలి.

ఒకసారి ఫోటో వచ్చింది. పడవలో ఆడవాళ్ల మధ్య ఆమె, చంకలో ఎవరిదో పిల్లాడు. ఎస్తేరు ఆ ఫోటో చాలాసేపు చూసి, "ఈడెవుడు పెద్దమ్మా, అమ్మ సంకలో?" అని అడిగింది. నాకు ఆ రోజు ఆమె మీద వచ్చిన కోపం ఈ రోజుకీ అలాగే ఉంది. నది ఒడ్డు ఊళ్లన్నిటికీ ఆమె అమ్మ. నేను ఒక్క పిల్లకి పెద్దమ్మని.

మోకాళ్లు పనిచేయక చివరికి తిరిగొచ్చింది. అప్పటికి ఎస్తేరు క్లాంగ్ పట్నంలో నర్సు ఉద్యోగం చేస్తోంది, శనివారం కారులో వచ్చి ఆదివారం వెళుతుంది. నా భర్త అప్పటికే పోయాడు, ఇక వారమంతా మా ఇద్దరిదే కాపురం. ఆమె మంచం మీద పడుకోలేదు. అక్కడి నుంచి తెచ్చుకున్న గుడ్డ ఉయ్యాల వరండా స్తంభాలకి కట్టి అందులో పడుకునేది. కనబడినవాళ్లనల్లా కౌగలించుకునేది. కొబ్బరికాయలు కొనే చీనా తాతని కూడా వదల్లేదు. ఆయన కంగారులో టోపీ కాలవలో పడేసుకున్నాడు. ఉబి కాయు, అదే కర్రపెండలం దుంప, తురిమి, పిండి, వేయించి, ఆ పొడి ప్రతి కూర మీదా చల్లుకునేది. నా కోడికూర మీద కూడా!

"ఏటే అది, రంపం పొట్టు?" అన్నాను.

"తిని సూడక్కా. ఆళ్లు ఇది లేకపోతే అన్నం అన్నమే కాదంటారు."

"ఆళ్లు నా కూర తిన్నారేటి?"

"నీ కూర తింటే ఇది సల్లరు, నిజమే," అంది. అని మళ్లీ చల్లుకుంది.

తెల్లారగట్ల కళ్లు మూసుకుని ఆ దేశం భాషలోనే ప్రార్థన చేసేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు నాకు. నా ఇంట్లో నాకు తెలియకుండా దేవుడితో అంత మాటేమిటి? ఒకరోజు పట్టలేక అడిగేశాను, "నా మీద ఏటి సెప్తన్నావే?"

"సాడీలే అక్కా," అంది కళ్లు తెరవకుండానే. "పంచదార దాసేస్తన్నాదని సెప్తన్నాను." కాఫీలో గుప్పెళ్లు గుప్పెళ్లు పంచదార వేసుకునే మనిషి. దాచకపోతే ఏం చేస్తాను?

మేమిద్దరం గట్టిగా పోట్లాడుకున్నది ఒక్కసారే. ఎస్తేరు పెళ్లి వద్దంటోందని, నువ్వయినా చెప్పమని ఆమె నన్నడిగింది. నాకు మండింది. "వదిలేసిపోయినప్పుడు నన్నడిగినావా? ఇప్పుడు దాని పెళ్లికి నన్నడగడానికి వచ్చినావా?" అన్నాను.

ఆమె కొలతగిన్నె పక్కన పెట్టింది. "నేను బస్తాలోంచి తీసి ఇవ్వనేదక్కా," అంది. "కొలిసినదాంట్లోంచే తీసినాను. నా కంచంలోంచి."

"తీసింది నువ్వు," అన్నాను. "సగం కడుపుతో లేసింది ఆ పిల్ల."

ఆ పూట ఆమె పిడికెడు తీయడానికి చెయ్యి పెట్టి, మళ్లీ బయటికి తీసేసుకుంది. నేనే తీసి వేశాను. ఇది కూడా రాయమన్నాను. ఎస్తేరు రాసింది.

సమాధి అయిన తర్వాతి ఆదివారం, మా వంటింట్లో ఎస్తేరు ఫోనులో ఆ నది ఒడ్డు చర్చి కనబడింది. కర్ర స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు, కింద నీళ్లు, పడవలు. ఆడవాళ్లందరూ గుమిగూడి పాడుతున్నారు, ఏడుస్తున్నారు. ఒకమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంటే ఎస్తేరు నాకు చెప్పింది. అక్కడ కూడా ప్రతి ఇంట్లో ఒక డబ్బా ఉందట. బియ్యం కాకపోతే ఆ దుంప పొడి. పూటకొక పిడికెడు. మీ అమ్మ నేర్పింది అన్నారు. అత్త పేరు లేదు, ఈ ఇంటి పేరు లేదు, నేలమీది గింజలు ఏరినదాని ఊసే లేదు. నేనెవరో కూడా వాళ్లకి తెలియదు. ఎస్తేరు ఫోను నా వైపు తిప్పితే, అందరూ మర్యాదగా చేతులూపారు.

అసలు మాట ఆ తర్వాత వచ్చింది. ఆమె జబ్బుపడిందని తెలిసినప్పటి నుంచి వాళ్లు ఆ పిడికెళ్లు విడిగా దాచారట, కూతురొక్కసారి రావడానికి. మా అమ్మ కూతుర్ని మేము చూడాలి, ఆమె నర్సు కదా, కొన్నాళ్లు మా దగ్గరుండాలి అన్నారు.

కొన్నాళ్లని వెళ్లినవాళ్లు ఎన్నాళ్లుంటారో నాకు తెలుసు. అప్పుడు నా పూట తగ్గించి తీసిన బియ్యం కూడా కలిస్తేనే ఆమె ఆ ఒడ్డు చేరింది. ఇప్పుడు ఆ ఒడ్డు నుంచి వాళ్ల పిడికెళ్లు చెయ్యి చాచి నా పిల్లని అడుగుతున్నాయి. చచ్చి కూడా ఊరుకోలేదు చూశారా ఈ మనిషి!

"అడుగు ఆళ్లని," అన్నాను ఎస్తేరుతో. "కొలిసినాక తీసినారా, బస్తాలోంచి తీసినారా?"

"పెద్దమ్మా, ఇదేం ప్రశ్న?"

"అడగవే!"

అడిగింది. అవతల అమ్మాయి దాన్ని వాళ్ల భాషలో అందరికీ చెప్పింది. బస్తాలోంచి అనే రావాలని నేను చూస్తున్నాను. ఆ చేటంత చెయ్యి ఒక్క పనైనా తప్పు నేర్పి ఉంటుందని నా ఆశ. ముందు వరసలో నెరిసిన పొట్టి జుట్టు ముసలామె ఒకతె, నా వయసే ఉంటుంది, నవ్వనైనా నవ్వకుండా గిన్నె తెచ్చి చూపించింది. కొలిచిన పొడి. అందులోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసింది. తగ్గిన గిన్నెని మళ్లీ నాకు చూపించింది. వాళ్ల కంచాల్లోనే తగ్గింది.

దాన్ని నేను కాదనలేను. ఆ పిడికెడు ఎంత బరువో ఈ సంఘంలో నాకంటే తెలిసినవాళ్లు ఎవరు?

ఫోను పెట్టేశాక ఎస్తేరు నా పక్కన కూర్చుంది. "నేను ఎల్లనా, పెద్దమ్మా?"

"నన్నడగడం దేనికి? మీ అమ్మ అడిగి ఎల్లిందా?"

"అమ్మ అడగలేదు కదా. అందుకే నేను అడుగుతున్నాను."

"ఎల్లు," అన్నాను. "సన్నీళ్లు పోసుకోకు."

వచ్చే నెల ప్రయాణం. గుడ్డ ఉయ్యాల ఇంకా వరండాలోనే ఉంది, నేను విప్పనివ్వలేదు. గాలికి దానంతటదే ఊగుతుంటే పొద్దున్నే తిట్టుకుంటూ లేస్తున్నాను. ఆమె మంచిదా అంటే మంచిదే. మీరంతా రాసినంత మంచిదే. నాకు ఆమె లేకపోతే వంటింట్లో తోచడం లేదు, అది కూడా రాయాలి. పంచదార డబ్బా దాచిన చోటే ఉంది. ఎవరి కోసం తియ్యను?

ఈ రోజు పొద్దున బియ్యం ఎస్తేరు కొలిచింది, మా ఇద్దరికి. గిన్నెలోకి చెయ్యి పెట్టింది. ఇన్నాళ్లూ ఎలా చూడలేదో, అది వాళ్లమ్మ చెయ్యే. అదే చేటంత అరచెయ్యి. అంత తీస్తే మనకేం మిగులుతుందే అని కసరబోయాను. ఆ వేళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా మూసుకున్నాయి, దాని చిన్నప్పుడు నేను పట్టుకుని మూసి నేర్పినట్టే. గిన్నె నుంచి డబ్బా దాకా ఆ పిడికిలి వెళ్లింది. నేల మీద ఒక్క గింజ లేదు.