నూట ఎనభై నాలుగో పేరు

మా బాబాయి రాతి మీద అక్షరాలు చెక్కేవాడు. ఇళ్ల ముందు పెట్టే పేర్లు, సమాధుల మీద పేర్లు, కొత్త భవనాలకు శిలాఫలకాలు. వీధి చివర రేకుల కప్పు కింద ఆయన పనిచేసే చోటు. ఆ దుమ్ముకి కనుబొమ్మలు ఎప్పుడూ తెల్లగా ఉండేవి. "పొద్దంతా ముసలాయన, స్నానం చేస్తే మళ్లీ పెళ్లికొడుకు" అని పిన్ని అందరికీ చెప్పి నవ్వేది.

నేను బడిలో పంతుల్ని. చేతిరాత బాగుంటుందని సెలవుల్లో ఆయనకు అక్షరాలు రాసిచ్చేవాణ్ని. రాతి మీద ఎంత అక్షరం కావాలో కాగితం మీద అంతే రాయాలి. బాబాయి ఆ కాగితాన్ని జిగురుతో రాతికి అంటించి, దాని మీదుగానే ఉలి నడిపేవాడు. పని అయ్యేసరికి కాగితం తునకలై రాతిపొడిలో కలిసిపోయేది. సాయంత్రం చీపురుతో ఊడ్చి పారేసేవాళ్లం.

పూర్వం మా ఊరి కోటను శత్రువులు ఏడు నెలలు ముట్టడించారు. లోపలివాళ్లు లొంగలేదు. చేతిలో ఏది ఉంటే అది పట్టుకుని గోడ మీద నిలబడి నూట ఎనభై నలుగురు ప్రాణాలు వదిలారు. నూట యాభై ఏళ్లు నిండాయని ఆ పేర్లన్నీ ఒక పెద్ద రాతి మీద చెక్కించి, గోడ కూలిన చోట నిలబెట్టాలని స్మారక సంఘం నిర్ణయించింది. పని బాబాయికి వచ్చింది. ఆ రోజు ఆయన ఆనందం చూడాల్సింది. "ఇన్నాళ్లూ బతికున్నవాళ్ల గొప్పలు చెక్కాను. ఇప్పుడు అసలైన పని దొరికింది" అన్నాడు.

సంఘం ఇచ్చిన పాత పుస్తకంలోంచి పేర్లు ఎత్తిరాసింది నేను. ఒకచోట అదే పేరు, అదే కుటుంబం, అదే వీధి మళ్లీ కనిపించింది. చనిపోయిన తేదీ మాత్రం మూడు రోజుల తేడా. రాసినవాడి కన్ను జారి ఉంటుందనుకున్నాను. పిల్లల నోటుపుస్తకాలు దిద్దీ దిద్దీ తప్పు కనిపిస్తే కొట్టేయడం చేతికి అలవాటైపోయింది. ఒక పేరు కొట్టేశాను. ఎవర్నీ అడగలేదు.

అంటించే ముందు వరసలు లెక్కపెట్టడం బాబాయి పద్ధతి.

"ఒరేయ్, నూట ఎనభై నాలుగన్నారు కదరా. ఇక్కడ ఒకటి తగ్గిందేంటి?"

"పాత పుస్తకంలో ఒకటి రెండుసార్లు పడింది బాబాయ్. నేను చూసుకున్నాలే, నువ్వు చెక్కు."

"చదువుకున్నవాడివి, నీకు తెలీదా" అని సుత్తి అందుకున్నాడు.

నలభై రోజులు చెక్కాడు. రాతి మీద గుడ్డ తొలగించిన రోజు ఊరంతా వచ్చింది. మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ ముందుకొచ్చింది. రాతి మీద వేలు పెట్టి ఒక్కో వరసా వెతికింది. వేలు ఒకచోట ఆగింది. తర్వాత చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

"మావాళ్లు ఒక్కరే ఉన్నారేంటండీ? తాత పేరే మనవడికి పెట్టారు. తాత గోడ మీద పోయాడు. మూడో రోజు ఆయన నిలబడ్డ చోటే మనవడు నిలబడ్డాడు. ఇక్కడున్నది వాళ్లిద్దరిలో ఎవరు?"

సంఘం కార్యదర్శి బాబాయి మీద విరుచుకుపడ్డాడు. "ఏమయ్యా, ఉలి పట్టడం వచ్చింది గాని లెక్కపెట్టడం రాదా నీకు?"

బాబాయి నావైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"నా పొరపాటేనండి" అన్నాడు ఆయన. "ఒక వరస దాటిపోయాను."

దారిలో నేను నోరు తెరవబోతే ఆయనే అన్నాడు: "నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ కార్యదర్శే మీ బడి పెద్ద కూడా. అయ్యాక చెబుదువుగానిలే."

మరుసటి ఏడు పర్మినెంటు అయింది. నేను చెప్పలేదు. రేపు, పండగయ్యాక, పరీక్షలయ్యాక అనుకుంటూ పదకొండేళ్లు గడిపాను. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే నాకు కోపం వచ్చేదేమో, అంత నీచంగా ఉండేవాణ్ని.

తగ్గిన పేరుని బాబాయే రాతి అడుగున, మిగిలిన సన్నటి అంచులో ఇరికించాడు. మిగతా పేర్లన్నిటికంటే చిన్న అక్షరాలు. చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు దాన్నే వేలెత్తి చూపించేవాళ్లు. ఆయనకి 'ఒకటి తక్కువ' అని పేరు పడిపోయింది. టీ కొట్టువాడు "చక్కెర ఒక చెంచా తక్కువెయ్యనా అన్నా?" అనేవాడు. బాబాయి అందరితోపాటు నవ్వేవాడు. పెద్ద పనులు రావడం ఆగిపోయింది. ఏటా స్మారక దినం నాడు మాత్రం తెల్లారగానే బకెట్టు, బ్రష్షు పట్టుకెళ్లి రాయి కడిగి, సభ మొదలయ్యేసరికి వెనక వరసలో నిలబడేవాడు.

ఈ చలికాలం ఆయన పోయాడు. తర్వాత వచ్చిన స్మారక దినం సభలో కార్యదర్శి ఆయన్ని తలుచుకున్నాడు. "మంచి పనివాడు. ఆ ఒక్క పొరపాటు చెయ్యకపోతే..." అన్నాడు.

నా కాళ్లు వాటంతటవే వేదిక ఎక్కాయి. మైకు తీసుకుని చెప్పాను. ఆ పేరు కొట్టేసింది నేనని, ఆయన లెక్కపెట్టి అడిగాడని, అబద్ధం చెప్పి చెక్కించానని. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు, నిజాయితీకట. బట్టలు కుట్టే ఆవిడ కొట్టలేదు.

"మీ బాబాయి మా ఇంటికొచ్చి చేతులు జోడించి వెళ్లాడు మాస్టారూ" అంది కిందికి దిగాక. "నేను ఆయన్ని లోపలికి కూడా రమ్మనలేదు."

పిన్ని నా మాట పూర్తవగానే సభలోంచి లేచి వెళ్లిపోయింది. వాళ్లింటికి వెళ్లేసరికి వంటగదిలో నేల మీద కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు.

"కూరలో ఉప్పు తగ్గిందని ఒకసారి అన్నాడు. 'మనిషి పేరే మింగేసినవాడివి, ఉప్పు సంగతి నీకెందుకు' అన్నాను. తలొంచుకుని తినేశాడురా. నాకు కూడా చెప్పలేదు. పదకొండేళ్లు దెప్పాను."

"పిన్నీ, తప్పు నాది..."

"ఊరందరి ముందూ చెప్పి నువ్వు తేలికపడ్డావు. నేను ఎవరికి చెప్పుకోను?"

ఆమె కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు. గుమ్మంలో అలాగే నిలబడ్డాను.