శాంతికి మాస్టారు

ఆ రోజుల్లో నాకు చదువు రాదు గానీ, రాదని ఎవరికీ తెలియనివ్వకుండా బతకడం మాత్రం బాగా వచ్చు. బస్సెక్కే ముందు "ఇది భీమడోలు మీదుగానే కదండీ" అని, తెలిసి అడిగినట్టే అడిగేదాన్ని. ఇరవై ఏళ్ళప్పుడు ఏలూరులో ఒక బట్టల షాపువారింట్లో పనికి కుదిరాను. ఇల్లు ఊడవడం, శాంతిని చూసుకోవడం నా పని. శాంతి వాళ్ళ కుక్క. ఆ పేరు పెట్టినవాళ్ళు దాన్ని ఇంకో కుక్క ఎదురుగా చూసి ఉండరు. మనుషుల దగ్గర పసిపిల్ల. వీధి చివర మరో కుక్క తోక కనిపిస్తే మాత్రం గొలుసుతో పాటు నన్నూ ఈడ్చుకుపోయేది. (కుక్కే నన్ను తిప్పుతోందని వీధిలో అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు.)

ఒకరోజు అది పక్కింటి డాక్టరుగారి తెల్లకుక్క చెవి కొరికింది. అయ్యగారు భోజనం దగ్గర తేల్చేశారు. "ఆకివీడులో బావగారి చేపల చెరువు మీదకి పంపించేద్దాం, కాపలాకి ఉంటుంది." ఆ చెరువు గట్టు మీద అప్పటికే ఎనిమిది కుక్కలున్నాయి. వాటి మధ్య శాంతి ఒక్క పూట కూడా బతకదని అమ్మగారికీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మగారు బతిమాలితే, "సరే, ఆదివారంలోపు నేర్పేవాణ్ణి చూసుకోండి. లేదంటే సోమవారం చేపల లారీలో వెళ్ళిపోతుంది" అన్నారు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఇద్దరి ఆచూకీ చెప్పాడు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. "నువ్వే చూసి రావే. దాని సంగతి నీకంటే ఎవరికి తెలుసు" అన్నారు. అంతవరకూ నా చీర రంగు కూడా నన్నడిగి కొన్నవాళ్ళు లేరు.

మొదటాయన వట్లూరులో ఉండేవారు. గుమ్మం మీద పెద్ద బోర్డు, గోడ నిండా అద్దాలు కట్టిన సర్టిఫికెట్లు, బీరువాలో కప్పులు. "అన్నీ ఇందులో ఉన్నాయి, చదువుకోమ్మా" అని ఒక ఫారం చేతికిచ్చారు.

"కళ్ళజోడు మర్చిపోయానండీ" అన్నాను.

ఇరవై ఏళ్ళ నా మొహాన్ని ఆయన కాసేపు చూశారు. "ఇరవై రోజులు చాలు. ఇంకో కుక్క ఎదురైతే నోరెత్తదు" అన్నారు. ఆయన పక్కన నల్లటి పెద్దకుక్క బొమ్మలా కూర్చుంది. ఈయన్నే ఖాయం చేసేద్దామనుకున్నాను. అంతలో దోమను కొట్టడానికి ఆయన చెయ్యెత్తారు. కుక్క కళ్ళు మూసుకుని నేలకి కరుచుకుపోయింది.

ఆ ముడుచుకోవడం నాకు తెలుసు. ఒకటో తరగతిలో మాస్టారు పలక అందుకోవడానికి చెయ్యెత్తినా నేనలాగే ముడుచుకునేదాన్ని. మూడో రోజున గడ్డివాములో దాక్కున్నాను. నా చదువంతా అంతే. "అమ్మగారితో చెప్పి వస్తానండీ" అని బయటపడ్డాను.

రెండో ఆయన భీమడోలు రైలుగేటు దగ్గర పరుపులు కుట్టే సాయిబుగారు. బోర్డు లేదు. దూది కుప్ప మీద చెవి చిరిగిన కుక్క పడుకుని ఉంది. "ఇది కూడా ఒకప్పుడు మీదానిలాంటిదేనమ్మా" అంటూ, జానెడు సూది ఉన్న చెయ్యెత్తి తల గోక్కున్నారు. కుక్క ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది. రోడ్డు మీద ఊరకుక్క వెళితే దాన్ని చూసి, తర్వాత ఆయన మొహం చూసింది. అంతే.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"దానికెన్నాళ్ళో చెప్పలేను. నీకు మాత్రం రెండు నెలలు."

"నాకా?"

"గొలుసు పట్టేది నువ్వే కదమ్మా."

ఇంటికొచ్చి చెబితే అయ్యగారు నవ్వారు. "సర్టిఫికెట్లున్నవాణ్ణి వదిలేసి పరుపులు కుట్టేవాణ్ణి ఎంచావా? ఏం చూసి?"

"ఆయన కుక్కని చూసి అండీ."

అమ్మగారు "ఇంకేం చూడాలండీ" అన్నారు. సోమవారం లారీ ఖాళీగా వెళ్ళింది.

సాయిబుగారి పద్ధతి ఏమిటంటే, ఇంకో కుక్క చాలా దూరంలో ఉండగానే, శాంతి మొరిగేలోపు నోట్లో ఎండుచేప ముక్క పెట్టాలి. రోజుకి నాలుగడుగులు దగ్గరకి జరగాలి. కొంగులో ఎండుచేపలతో నేను నడుస్తుంటే పేటలో పిల్లులన్నీ నా వెనకే. (ఆ రెండు నెలలూ సాయిబుగారి దగ్గరికి వెళ్ళే బస్సులో నా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు.) చివరికి ఒక సాయంత్రం డాక్టరుగారి తెల్లకుక్క ఎదురైంది. శాంతి దాన్ని చూసింది. తర్వాత తల తిప్పి నా కొంగు వైపు చూసింది. అరుగు మీద నుంచి అయ్యగారు చూశారు. మర్నాడు ఎండుచేపల పొట్లం ఆయనే తెచ్చి నా చేతికిచ్చారు.

శాంతి ఆ ఇంట్లోనే ముసలిదై చనిపోయింది. నాకు నలభై అయిదు దాటాక మా వీధిలో పెద్దవాళ్ళకి సాయంత్రం బడి పెట్టారు. మొదటిరోజు గుమ్మంలోనే నిలబడ్డాను. టీచరమ్మ జారిన ముడి సర్దుకోవడానికి చెయ్యెత్తింది. ముందు వరసలో ఎవరూ ముడుచుకోలేదు. వెళ్ళి కూర్చున్నాను. పుస్తకం చేతికిచ్చి "చూడండమ్మా" అంది.

"కళ్ళజోడు మర్చిపోయానండీ" అన్నాను. ఈసారి నిజంగానే మర్చిపోయాను.