నేను వదిలిన మోళ్లు

ముప్పై ఏళ్లు కరెంటు లైన్‌మన్‌గా పనిచేశాను. తణుకు దగ్గర మా ఊరి కాలవగట్టు మీద ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంది. దాని కొమ్మలు రోడ్డు దాటి మా వైర్ల మీదికి వచ్చేవి. ఏటా వానలు మొదలవకముందే నిచ్చెన వేసుకుని, కత్తి ఎంతవరకు అందితే అంతవరకు నరికేవాణ్ణి. వైరుకి కొమ్మ తగలకపోతే చాలు, చెట్టు ఏమవుతుందన్నది నా పని కాదనుకునేవాణ్ణి.

ఆ చెట్టు కింద ఒకావిడ చేపలు అమ్మేది. పొద్దున్నే నరసాపురం వైపు నుంచి తట్టతో బస్సు దిగేది. నేను నిచ్చెన వేయగానే తట్ట పక్కకి జరుపుకుని, "మెల్లిగా కొట్టు బాబూ, నీడంతా పట్టుకుపోతావేంటి?" అనేది. నవ్వేసి ఊరుకునేవాణ్ణి.

నా రిటైర్మెంటుకి ఏడాది ముందు, ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. రోడ్డు వైపున్న పెద్ద కొమ్మ మొదలంటా చీలి సరిగ్గా ఆవిడ తట్ట మీద పడింది. అదృష్టం, ఆవిడ అప్పుడే బోరింగు దగ్గరికి నీళ్లకి వెళ్లింది. నేను కరెంటు ఆపించి పరుగున వెళ్లేసరికి, రోడ్డుకి అవతల బిందె పట్టుకుని తట్ట వైపే చూస్తోంది. విరిగిన చోట గట్టి కలప లేదు. గోధుమరంగు పొడి, దాని నిండా చీమలు.

మర్నాడు ఊరంతా చెట్టు కొట్టించేద్దామంది. వాళ్ల భయంలో తప్పేమీ లేదు. సర్పంచి గారికి మాత్రం మనసొప్పక, ఉద్యాన కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మేడం గారిని పిలిపించారు. ఆవిడ కొయ్య సుత్తితో మాను చుట్టూ తట్టి, చెవి ఆనించి విన్నారు. తర్వాత నన్ను నిచ్చెన ఎక్కమన్నారు.

"కొమ్మ నరికిన ఆ పాత మోడులో చెయ్యి పెట్టి చూడండి."

మోచెయ్యి దాకా దిగిపోయింది.

"ఇలా మూరెడు వదిలేసి ఎవరు కొట్టారండీ?"

కింద ఊళ్లోవాళ్లంతా ఉన్నారు. "నేనేనండి" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "మీకెవరూ చెప్పి ఉండరు లెండి. కొమ్మ మొదట్లో కాస్త ఉబ్బుగా ఉంది చూడండి. దాన్ని ముట్టుకోకుండా పక్కనే కోస్తే, గాయాన్ని చెట్టే మూసుకుంటుంది. మోడు వదిలితే మూసుకోలేదు. అది కుళ్లి, ఆ కుళ్లు లోపలికి పాకుతుంది."

ఆ గట్టు పొడవునా ఎన్ని మోళ్లు వదిలానో!

మాను కాలవ వైపు ఇంకా గట్టిగానే ఉందని మేడం గారు తేల్చారు. "రోడ్డు వైపు బరువు తగ్గిస్తే నిలబడుతుందండి. కానీ ఏటా చూసుకోవాలి. చూసేవాళ్లు లేకపోతే కొట్టేయడమే మంచిది."

"నేను చూస్తానండి" అన్నాను.

రోడ్డు వైపు కొమ్మలు తగ్గించడానికి నాలుగు రోజులు పట్టింది. బెరడు చీలకుండా ముందు కింది నుంచి కొంచెం కోసి, తర్వాత పైనుంచి కోయడం యాభై ఏడేళ్ల వయసులో నేర్చుకున్నాను. తొర్రలో సిమెంటు పోద్దామంటే మేడం గారు వద్దన్నారు, లోపల తేమ నిలిచిపోతుందట. మా ఆఫీసు చుట్టూ తిరిగి, చెట్టు దగ్గర, కొమ్మ తగిలినా ఫర్వాలేని తొడుగున్న కేబుల్ వేయించాను.

చేపలావిడ కాలవ వైపుకి మారింది. ఒకరోజు ఆవిడ దగ్గర కూర్చుని, కొమ్మ పడింది నా మూలంగానేనని చెప్పేశాను.

"నాకు తెల్దా బాబూ? నువ్వు కొట్టినప్పుడల్లా చూత్తానే ఉన్నాను కదా" అంది, చేప పొలుసు గీకుతూనే. "కావాలని చేశావా ఏంటి? ఇప్పుడు చూసుకుంటన్నావు, అది చాల్లే."

రిటైరై నాలుగేళ్లయింది. సరిగ్గా కోసిన చోట్ల బెరడు అంచులు చుట్టూ దగ్గరికొస్తున్నాయి. రెండు గాయాలు పూర్తిగా మూసుకున్నాయి. తొర్ర మాత్రం తగ్గలేదు, తగ్గదు కూడా. పోయిన వేసవిలో ఇంకో కొమ్మ ఎండితే తీసేశాం. మరో పదేళ్లు ఉండొచ్చని మేడం గారు అంటారు. ఈసారి వానలకి మాత్రం నిండా చిగురేసింది.