అన్న నాకు పెట్టబోయిన జమ్మి

మొన్న పొద్దున మా మనవరాలు ఫ్రెంచి పుస్తకం ముందేసుకుని చదువుతోంది. ఇంటర్‌లో తెలుగు తీసుకుంటే మార్కులు రాలవట, ఫ్రెంచి తీసుకుంటే వానలా కురుస్తాయట. ఆ రోజు పాఠం పోలికలు. ఇది దానికంటె పెద్దది, వాడు వీడికంటె తొందరగా నడుస్తాడు, ఇట్లా. పిల్ల ముద్దుగానే వల్లె వేస్తోంది. ఇంతలో మా కొడుకు వచ్చి, "ఎదురింటి పిల్లకు నీకంటె ఎక్కువ ఎట్ల వచ్చినయే? ఆమెకేమన్న రెండు తలకాయలున్నయా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చేతిలోని చాయ్ గ్లాసు గోడకేసి కొట్టాను. గోడ పెచ్చులూడింది. సరే, ఊడలేదు. గ్లాసు గోడ దాకా పోలేదు కూడా. బల్ల మీద కాస్త గట్టిగా పెట్టాను, అంతే. కోపం మాత్రం అబద్ధం కాదు. ముసలాయనకు బీపీ పెరిగిందని కోడలు మాత్ర తెచ్చింది. అది బీపీ కాదు, మా బాపు.

మా బాపు నస్పూర్ పక్కన బొగ్గుబాయిలో సర్దారు. కింద ముప్పై మంది ఆయన మాట మీద నడిచేవాళ్లు. ఇంట్లో మేమిద్దరమే, అన్నా నేనూ. ఆయనకు ఏ వస్తువూ దానంతట అది కనిపించేది కాదు, ఇంకోదాని పక్కన పెడితే తప్ప. అన్నానికి కూర్చున్నామా, మొదలు. "మీ అన్నను చూడు, మెతుకు కింద వడకుంట తింటడు. నువ్వెందుకురా కోడి పెంట గెలికినట్టు గెలుకుతవ్?" అన్న నాకంటె పొడుగు, అన్నకు నాకంటె లెక్కలు బాగా వస్తాయి, అన్న నాకంటె మెల్లగా మాట్లాడతాడు. నేను తుమ్మినా అన్న తుమ్ముతో సరితూగేది కాదు. అట్లాంటి అన్నను నేను ద్వేషించాలి. కానీ కుదరలేదు. చేతులు కడుక్కునే దగ్గర నా భుజం మీద చెయ్యేసి, "జర ఓపిక వట్టు తమ్మీ. బాపు నన్ను మెచ్చుకుంటలేడు, నిన్ను తిడుతుండు. గంతే," అనేవాడు. ఆ సంగతి కనిపెట్టడానికి నాకు ఇంకో ఇరవై ఏళ్లు పట్టేది.

నేను హెచ్చెస్సీ పరీక్ష పాసైన ఏడాది మా బాయికి బొగ్గు కోసే యంత్రమొకటి దిగింది. దాన్ని బిగించడానికి ఫ్రాన్సు నుంచి ఇంజనీరు దొర వస్తాడని, క్వార్టర్లలో ఫ్రెంచి నాలుగు ముక్కలు వచ్చిన కుర్రవాడెవడైనా ఉంటే దొర వెంట పెట్టుకుంటామని, తరవాత పైననే నౌకరీ ఖాయమని మేనేజరు చెప్పాడు. పైన నౌకరీ అంటే వెలుతురులో నౌకరీ. అది రానివాడికి బాయి ఉండనే ఉంది. మా క్వార్టర్ల లైనులో కాంపౌండరు భార్య యానాం ఆడపడుచు. ఆ ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నప్పుడు కన్యాస్త్రీల దగ్గర చదువుకుంది. అత్తా అని పిలిచేవాళ్లం. మరి ఆ నౌకరీ అత్తకే ఇవ్వొచ్చు కదా అంటారేమో. ఆడమనిషిని బాయి దరిదాపులకు రానిచ్చేవాళ్లు కాదు. అదొక కోపం, పక్కన పెడదాం.

అత్త మా ఇద్దరికీ వాకిట్లో పాఠం చెప్పేది. ఆమె పోలికల పాఠం కూరగాయల బుట్టతో మొదలైంది. ఈ వంకాయ ఆ వంకాయ కంటె పెద్దది. ఈ మిరపకాయ దానికంటె తక్కువ కారం. మేనేజరు జీపు కంటె మేక తొందరగా నడుస్తుంది. "ఎక్కువ, తక్కువ, సమానం. మూడే తక్కెడలు అబ్బాయ్! మంచికీ బాగాకీ మాత్రం వేరే రాళ్లున్నాయి, అవి బట్టీ కొట్టండి," అనేది. ఒకరోజు ఉత్సాహం ఎక్కువై పక్కింటి పసివాణ్ణి చూపించి, వీడు ఎదురింటి వాడికంటె బొద్దుగా ఉన్నాడంది. ఫ్రెంచిలోనే అంది, అయినా చూపుడు వేలికి అనువాదం ఎందుకు? వాళ్లవ్వ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, "మీ సదువు మండ, నా పోరడే దొరికిండా!" అని మా ముందరే పొయ్యిలో వేసింది. మూడు రోజులు దగ్గాం. పోనీ, ఒక పూట.

దొర వచ్చాడు. మేనేజరు బంగళా వరండాలో మా ఇద్దరినీ నిలబెట్టి, మీలో ఎవరు బాగా మాట్లాడతారు అని అడిగాడు. అన్న ఒక అడుగు ముందుకు వేసి, "మోఁ ఫ్రేర్ పార్ల్ మ్యో క్ మ్వా," అన్నాడు. తమ్ముడు నాకంటె బాగా మాట్లాడతాడని. మా ఇళ్లలో పెద్దవాడు అట్లా అంటాడు, చిన్నవాడు కాదు కాదు అన్నకే ఎక్కువ వస్తుందంటాడు, పెద్దమనిషి అది విని ఎవరేమిటో తేల్చుకుంటాడు. దొరకు ఈ మర్యాద ఎవరు చెప్పాలి? అన్నది అన్నట్టే నమ్మి, నేను నోరు తెరిచేలోపే నా భుజం తట్టాడు. మరుసటి సోమవారం నేను బూట్లు వేసుకున్నాను, అన్న తట్టా పారా పట్టుకుని బాయిలోకి దిగాడు.

ఇంట్లో నాకు మంచిరోజులు వచ్చాయనుకున్నాను. బాపు మారలేదు, తక్కెడ తిప్పి పట్టుకున్నాడు. "తమ్మున్ని చూడు, తెల్లంగి ఏసుకొని దొర పక్కపొంటి నడుస్తుండు. నువ్వు మసి మూతితోని వస్తవ్!" ఇన్నాళ్లూ నన్ను కొట్టిన కర్ర అన్న అయితే, ఇప్పుడు అన్నను కొట్టే కర్ర నేను. కర్రగా ఉండటం కంటె దెబ్బలు తినడమే నయం. అన్న అప్పుడు కూడా అట్లాగే తినేవాడు, మెతుకు కింద పడకుండా.

ఆ ఏడు దసరా వచ్చింది. పాలపిట్టను చూసి, జమ్మి తెంపుకొచ్చి లైనంతా ఒకచోట చేరాం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కడం మా రివాజు. నేను ఆకు పట్టుకుని అన్న వైపు కదలగానే బాపు, "ఆగు!" అన్నాడు. అందరూ చూశారు. "ఇయ్యాల్టి సంది ఇంట్ల పెద్దోడు గీడే. వానికి నువ్వే జమ్మి వెట్టి కాళ్లు మొక్కురా పెద్దోడా." అన్న ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. తరవాత ఆకు చేతిలోకి తీసుకుని నా ముందర వంగాడు.

నేను బాపు కాలరు పట్టుకుని గుంజాను. బాపు అంగీకి కాలరే ఉండేది కాదు. నేనక్కడి నుంచి కదలలేదు. ఆయన ముందర నాకు చిన్నప్పటి నుంచీ తెలుగు రాదు. గొంతులోంచి వచ్చింది ఫ్రెంచి. "ఇల్ ఏ ప్లూ గ్రాఁ క్ మ్వా!" అని అరిచాను. ఇతను నాకంటె పెద్దవాడు! బాపు మురిసిపోయి చుట్టూ చూశాడు. "ఇన్నరా? దొర బాస ఎట్ల గడగడ మాట్లాడుతుండో నా కొడుకు!" జనం చప్పట్లు కొట్టారు. అత్త ఒక్కతే తన గడపలోంచి, "మళ్లీ అను, గట్టిగా!" అంది. మళ్లీ అన్నాను. అన్న వంగినవాడు లేచాడు. నేను జమ్మి అన్న చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటూ అన్న నా చెవిలో అడిగాడు, "తమ్మీ, గా మాట బాపుకు సమజయ్యేటట్టు ఎప్పుడంటవురా?"

అనలేదు. ఆ నెలలోనే అన్న బోథ్ ఊరికి పోయి మేనమామ దగ్గర పత్తి సాగులో పడ్డాడు, మళ్లీ బాపు పక్కన కూర్చుని అన్నం తినలేదు. బాపు పోయేదాకా, పోయిన తరవాత కూడా ఆయన మీద నా కోపం తరగలేదు. ఇప్పటికీ ఆయన ఫొటో ముందర నిలబడితే తెలుగులో నాలుగు మాటలు అనాలనిపిస్తుంది. అంటాను కూడా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

అన్న అరవై దాటీ దాటకముందే వెళ్లిపోయాడు, ఆ వయసులోనే ఆగిపోయాడు. నేను మాత్రం నడుస్తూనే ఉన్నాను. ఎప్పుడు దాటానో చూసుకోలేదు గానీ, ఇప్పుడు నేను మా అన్న కంటె పెద్దవాణ్ణి. బాపు చేయలేకపోయిన పనిని కాలం ఎవరినీ అడగకుండా చేసిపెట్టింది. దాని మీద అరవడానికి నాకు ఏ భాషా దొరకడం లేదు.