కోడికి కనపడని పురుగులు

శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లే బస్సులో నా పక్కన చేపలమ్మే ఒక తల్లి, ఆమె కూతురు కూర్చున్నారు. కూతురు టీచరు ఉద్యోగం కోసం ఒక బడిలో పాఠం చెప్పి చూపించడానికి వెళుతోంది. ఇదివరకు ఒకచోట, పిల్లలకి అర్థం కాలేదని పంపేశారట.

పాఠం కోసం కూతురు తెచ్చిన ఉలవలూ పెసలూ తల్లి తన గోధుమరంగు చీర ఒడిలో కలిపి పోసుకుని, నావైపు తిరిగింది.

"అక్కా, ఇవి పురుగులు. నువ్వు కోడివి. గబగబా ఏరీ."

మా అనంతపురంలో కొత్తవాళ్లని 'మీరు' అంటాం. ఇక్కడ క్షణంలో అక్కనీ, కోడినీ అయిపోయాను. నవ్వుకుంటూ ఏరాను. పచ్చగా కనపడ్డ పెసలే చేతికొచ్చాయి. చీర రంగులో కలిసిపోయిన ఉలవలు చాలా మిగిలాయి.

"మిగిలినవే పిల్లల్ని పెడతాయి. పిల్లలకీ ఆ రంగే వస్తాది," అంది అమ్మాయి.

"అయితే ఉలవలు తెలివైనవే," అంది తల్లి.

"కాదే అమ్మా! వాటికేటీ తెలీదు. ఆ రంగుతో పుట్టాయి, అంతే."

విజయనగరం వచ్చింది. అందరూ దిగుతున్నా అమ్మాయి కదల్లేదు.

"నువ్వు తిరిగి సెప్పీదాకా నేను దిగను."

తల్లి విసుక్కుంది. "ఏ పురుగూ రంగు మార్సుకోలేదు. కనపడినవాట్ని కోడి తినీసింది. కనపడనివి పిల్లల్ని పెట్టాయి. అలాగలాగ సానా కాలానికి అన్నీ ఆ రంగువే అయిపోతాయి. ఇంకేటి?"

"ఇంకేటీ లేదు, పద," అంటూ అమ్మాయి లేచింది.